సర్వే సంగతి తర్వాతమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి చూడండి

కోనసీమలో ఒక లంక ఊరి నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు, అంతా ఇక్కడ వెయ్యడం కుదరదు కాబట్టి ముఖ్యమైనదే చెప్తాను. భర్త కువైట్‌లో డ్రైవరు, ఇంట్లో అత్తగారు, పదో క్లాసు చదివే పదిహేనేళ్ళ కూతురు, పన్నెండేళ్ళ కొడుకు. పోయిన నెల ఊళ్ళోకి ఇద్దరమ్మాయిలు ట్యాబులు పట్టుకుని వచ్చి, పదేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా పిల్లల ఆరోగ్యం మీద సర్వే చేస్తున్నాం అన్నారంట, ఈవిడ సంతకం పెట్టారు, వాళ్ళు పిల్లని పెరట్లో విడిగా కూర్చోబెట్టుకుని అడుగుతుంటే ఈవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి మొత్తం విన్నారు. పీరియడ్స్ గురించి మొదట ఎవరు చెప్పారు, గుడ్డ వాడతావా ప్యాడ్ వాడతావా, ఆస్పత్రికి ఒక్కదాన్నీ వెళ్ళనిస్తారా, భార్యని భర్త కొట్టొచ్చా, పెళ్ళి ఎప్పుడు చేసుకోవాలనుకుంటున్నావు, ఇలాంటివంట. "ఇవన్నీ అడిగితే పిల్లలు చెడిపోరా అండీ, మా పిల్ల చెప్పినవి చెరిపించెయ్యొచ్చా, మళ్ళీ వస్తామన్నారు, రానివ్వమంటారా వద్దంటారా" అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, మీ ప్రశ్నకి జవాబు తొందరగా చెప్పేస్తాను. పద్దెనిమిది నిండని పిల్లల్ని ఇలాంటివి అడగాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి, పిల్ల కూడా ఒప్పుకోవాలి, ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు, మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరు ఏం చెప్పారో బయటికి రాకూడదు. చెరిపించమని అడగొచ్చు, కానీ ముందు పిల్లకి అది ఇష్టమో కాదో కనుక్కోండి. విడిగా కూర్చోబెట్టిందే ఎవరూ వినకూడదని, అలాంటప్పుడు మీరు కిటికీ దగ్గర చెవి పెట్టడం ఏం బాగోలేదు. మళ్ళీ వస్తే రానివ్వండి, ఆ గంటసేపు మీరు పక్కింటికి వెళ్ళి కూర్చోండి. ప్రశ్నలకి పిల్లలు చెడిపోరు. ఇక సర్వే గురించి మాట్లాడ్డానికేం లేదు.

నాకు పట్టుకున్నది మీ మూడో పేజీలో ఒక్క లైను. పెళ్ళి ఎప్పుడని వాళ్ళు అడిగితే మీ అమ్మాయి "అది మావయ్యని అడగండి" అందంట. మీరేమో బయటివాళ్ళ ముందు పరువు తీసింది అని రాసి, అదే ఊపులో, "మా తమ్ముడికే ఇస్తానని ఫంక్షన్ రోజు అందరి ముందూ అనేశానండి, పదో క్లాసు అవ్వగానే చేసేద్దామని" అని ఒక ముక్క రాసి, మళ్ళీ సర్వే అమ్మాయిల మీద పడిపోయారు. పెళ్ళి ముహూర్తం అంత తేలిగ్గా, బ్రాకెట్లో పెట్టినట్టు రాస్తారా ఎవరైనా!

మీరు రాసిందే నేను వరసగా పెడతాను, చదువుకోండి. మీ అమ్మగారు పోయేసరికి తమ్ముడికి ఆరేళ్ళు, మీకు పదిహేను. మీరే పెంచారు. పెళ్ళయ్యాక కూడా మీతోనే తెచ్చుకుని, మీ అత్తగారు సణుగుతున్నా ఇంటర్ దాకా చదివించారు. మీ పిల్ల పుట్టాక చంకనేసుకుని గట్టు మీద తిప్పింది అతనే. ఇప్పుడు కొబ్బరి వ్యాపారంలో నాలుగు డబ్బులు చూశాడు, మీ ఆయన దేశంలో లేరు కాబట్టి వరదొస్తే పడవ తెచ్చేదీ, పిల్లాడికి జ్వరమొస్తే అమలాపురం తీసుకెళ్ళేదీ అతనే. పిల్ల పెద్దమనిషయినప్పుడు కార్డులు కొట్టించి, టెంటు వేయించి, రెండు కాసుల గొలుసు పెట్టి, నాలుగు లక్షల దాకా ఖర్చు పెట్టాడు. ఆ సంబరంలో మీరు "పిల్ల నీదేరా" అనేశారు.

అసలు అతను అడిగాడా? ఉత్తరం రెండుసార్లు చదివాను, అతను నోరు తెరిచి అడిగినట్టు ఎక్కడా లేదు. మీ అత్తగారు అన్నది ఉంది, ఊళ్ళోవాళ్ళు అన్నది ఉంది, మీరు మాటిచ్చింది ఉంది. మీరు తల్లిలా పెంచిన పిల్లాడి ముందు మీరే అప్పులవాళ్ళలాగా తల దించుకుని నిలబడుతున్నారు, ఇంట్లో మగదిక్కు అతనొక్కడే కదా, అతనికి కోపమొస్తే మనకెవరున్నారు అన్న భయం, ఆ భయానికి వడ్డీ కింద పిల్లని జమ కట్టేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిందమ్మా, దాపరికమెందుకు. ఒక ఆడది తమ్ముణ్ణి పెంచి పెద్దచేసి, చివరికి అతనికే రుణపడ్డాననుకోవడమేంటి?

ఫంక్షన్‌కి చదివింపులు రాసిన పుస్తకం మీ బీరువాలో ఉండే ఉంటుంది, తియ్యండి. అందులో మీ తమ్ముడి పేరు ఎదురుగా ఎంత రాశారో అది మేనమామ లాంఛనం, దానికి తిరిగి ఇచ్చేది ఏమీ లేదు, రేపు అతని ఇంట్లో శుభకార్యానికి మీరూ పెడతారు. లాంఛనానికి మించి పెట్టింది అప్పనుకుంటే అప్పు, నోటు రాసివ్వండి, మీ ఆయన పంపేదాంట్లోంచి నెలకింత అని తీర్చండి. గొలుసు బరువనిపిస్తే గొలుసు కూడా తిరిగి ఇచ్చేయండి, పిల్లకి మెడ బోసిగా ఉంటే ఏమీ కాదు.

చట్టం కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు తమ్ముడికేదో మేలు చేస్తున్నానని అనుకుంటున్నారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లని చేసుకున్న మగాడికి రెండేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. పెళ్ళి చేయించిన పంతులుగారికీ అంతే. తల్లులకి, అంటే ఆడవాళ్ళకి, ఆ చట్టంలో జైలు మినహాయింపు ఉంది, జరిమానా పడొచ్చు. అంటే మీరు ఇంట్లో ఉంటారు, జైలుకెళ్ళేది మీ తమ్ముడు. అక్కడితో అవ్వదు, భార్య అయినా సరే పద్దెనిమిది లోపు పిల్లతో కాపురం చేస్తే అది అత్యాచారమే అని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది, పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం కూడా పడుతుంది. ఊళ్ళో ఎవరో ఒకరు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొడితే పందిట్లోకే వస్తారు. మన దగ్గర ఇలా ఎంతమంది చేస్తున్నారో తెలుసా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళిళ్ళయిపోయాయి, దేశం మొత్తం మీద అది 23.3. పంటలూ చెరువులూ కాలేజీలూ ఉన్న రాష్ట్రం మనది, ఇందులో మాత్రం దేశం కంటే వెనకే.

పద్దెనిమిది నిండాకే చేస్తాం లెండి అంటారేమో. మేనమామని చేసుకోవడం మనలో ఉన్నదే, ఆచారం ఉన్నచోట చట్టమూ ఒప్పుకుంటుంది, పుట్టే పిల్లలకి వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువని డాక్టర్లు చెప్తున్నా జరుగుతూనే ఉన్నాయి. నా అభ్యంతరం ఇంకోటి. ఒకే ఇంట్లో, ఒకే అమ్మ చేతి ముద్ద తిని పెరిగిన ఇద్దరమ్మా వాళ్ళు. మీ పిల్ల మనసులో అతను ఏ స్థానంలో ఉన్నాడో మీరు ఒక్కసారి కూడా అడగలేదు. ముక్కూ మొహం తెలియని సర్వే అమ్మాయి అడిగింది.

ఇక పిల్ల ఒంటి సంగతి, ఇది మాత్రం ఈ వారమే చూడాలి. ఎనిమిది తొమ్మిది రోజులు అవుతుందని, ఒక్కోసారి రెండు నెలలు రానే రాదని, మెట్లెక్కితే ఆయాసపడుతుందని, మొహం పాలిపోయిందని మీరే రాశారు. దానికి మీ అత్తగారు "పెళ్ళయితే అవే సర్దుకుంటాయి" అన్నారంట. సర్దుకోవు. పెద్దమనిషయిన మొదటి రెండు మూడేళ్ళు డేట్లు అటూ ఇటూ అవడం మామూలే, 21 రోజులకి రావచ్చు, 45 రోజులకి రావచ్చు, అప్పుడప్పుడు ఇంకొంచెం లేటవ్వచ్చు, దానికి భయపడక్కర్లేదు. కానీ వారం దాటి అవుతోందంటే, గంటకీ రెండు గంటలకీ మార్చుకోవాల్సి వస్తోందంటే, మూడు నెలలు వరసగా రాలేదంటే డాక్టరుకి చూపించాల్సిందే. ముందు రక్తం ఎంతుందో పరీక్ష చేయించండి, ఆ వయసు పిల్లకి హిమోగ్లోబిన్ 12కి తగ్గకూడదు, పీహెచ్‌సీలో చేస్తారు, అవసరమైతే థైరాయిడ్, రక్తం గడ్డకట్టే పరీక్ష కూడా రాస్తారు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ళ నోట్లో వేసుకుని బయటికెళ్ళి ఉమ్మేస్తుందని కూడా రాశారు, కడుపులో తిప్పుతుందని. అన్నం తిన్నాక వేసుకోమనండి, టీతో వద్దనండి, విరేచనం నల్లగా అయితే కంగారు పడొద్దనండి. అయితే ఇప్పటికే రక్తం తక్కువుంటే ఆ వారానికొక బిళ్ళ చాలదు, డాక్టరు రోజూ వేసుకోమంటారు. ఈ రక్తంతో పదహారేళ్ళకి కడుపుతో ఉంటే ఏమవుతుందో మీ ఊరి ఏఎన్ఎమ్మని అడగండి, ఆ వయసు కాన్పుల్లో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ముప్పు ఎక్కువ, బిడ్డ బరువు తక్కువ. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం ఆ జాతీయ సర్వే నాటికే తల్లులయ్యారు లేదా కడుపుతో ఉన్నారు. దేశంలో అది 6.8.

ఇంకో మాట మీ పిల్ల సర్వే వాళ్ళకి చెప్పింది, మీరు దాన్నసలు పట్టించుకోలేదు. మొదటిసారి అయినప్పుడు ఏదో దెబ్బ తగిలిందనుకుని బాత్రూంలో దాక్కున్నానంది. నాలుగు లక్షలు పెట్టి ఊరందరికీ చాటారు, పిల్లకి ముందుగా నాలుగు ముక్కలు చెప్పలేదు. జూలైలో గోదారి మీదకొచ్చి అందరూ బడిలో తలదాచుకున్నప్పుడు, ఉన్న రెండు గుడ్డలూ తడిసి, ఆరక, ఆ చెమ్మగుడ్డే మళ్ళీ కట్టుకున్నానని కూడా చెప్పింది. మామూలు రోజుల్లో అయినా ఎవరి కంటా పడకూడదని లంగా కింద దాచి దడి వెనక ఆరేస్తుందంట. గుడ్డ వాడటం తప్పు కాదు, సబ్బుతో ఉతికి ఎండలో బాగా ఆరాలి అంతే, నీడలో చెమ్మగా ఉన్నది కడితే దురద, పుండ్లు. 2021లో స్వేచ్ఛ అని మొదలుపెట్టి ప్రభుత్వ బళ్ళలో ఏడు నుంచి ఇంటర్ దాకా అమ్మాయిలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చారు, మీ బడిలో ఇప్పుడు ఎలా ఉందో టీచరుగారిని అడగండి. వరద సంచిలో పట్టాదారు పుస్తకం, ఆధార్ కార్డులతో పాటు ఒక ప్యాడ్ల ప్యాకెట్టు కూడా పడెయ్యండి. ఆ మూడు రోజులు పళ్ళెం గ్లాసు వేరే పెట్టి వసారాలో కూర్చోబెట్టడం గురించి ఈసారికి నేనేం అనను, అత్తగారితో ఒకేసారి రెండు యుద్ధాలు మీరు చెయ్యలేరు.

మీ అబ్బాయి మాట కూడా. "వాణ్ణి కూడా అడిగారండి, మగపిల్లాడికి ఇవన్నీ ఎందుకు" అన్నారు. ఎందుకేంటి? ఎదిగే పిల్లల ఆరోగ్యం కోసం 2014 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ మగపిల్లలకి కూడా, ఐరన్ బిళ్ళలు కూడా ఇద్దరికీ ఇస్తారు. అక్క మూడు రోజులు ఎందుకు దూరంగా కూర్చుంటుందో వాడికెవరూ చెప్పలేదు, దాంతో వాడు "అక్కకి అంటు" అని ఫ్రెండ్స్ దగ్గర నవ్వుతున్నాడని మీరే రాశారు. రేపు ఇలాగే పెద్దవాడై ఇంకో ఇంటి పిల్లని ఏలుకుంటాడు కదా.

భర్త కొట్టొచ్చా అని అడిగితే మీ అమ్మాయి "ఏ కారణానికీ కొట్టకూడదు" అందని, ఎంత పొగరో చూడండి అని రాశారు. ఆ ప్రశ్న కొత్తదేం కాదమ్మా, జాతీయ సర్వేలోనూ అడుగుతారు, చెప్పకుండా బయటికెళ్తే కొట్టొచ్చా, వంట సరిగ్గా చెయ్యకపోతే కొట్టొచ్చా, అత్తమామల్ని గౌరవించకపోతే కొట్టొచ్చా అని ఏడు రకాలుగా. మన రాష్ట్రంలో 84 శాతం ఆడవాళ్ళు వాటిలో ఏదో ఒకదానికైనా కొట్టొచ్చు అన్నారు. మగవాళ్ళు కాదు, ఆడవాళ్ళు. మీ పిల్ల ఆ 84లో లేదు. నేనైతే ఆ రోజు పాయసం చేసేదాన్ని.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు మీ ఆయనకి ఇమోలో ఫోన్ చేసి ఈ మాట ఇచ్చానని చెప్పండి, ఉత్తరం చూస్తే ఆయనకి తెలీదనిపిస్తోంది, కన్నతండ్రికి చెప్పకుండా పిల్ల పెళ్ళి ఖాయం చేసిన ధైర్యం మీకుంది, దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం కూడా ఉండాలి. తర్వాత తమ్ముణ్ణి భోజనానికి పిలవండి, అత్తగారు లేనప్పుడు. బతిమాలొద్దు, చుట్టూ తిప్పొద్దు. "ఒరేయ్, ఆ రోజు నోరు జారాను, పిల్ల నీ చేతుల్లో పెరిగింది, నీకు పెళ్ళి సంబంధం నేను చూస్తాను, దీన్ని ఇంటర్‌లో చేర్పిస్తున్నాను" అనండి. ఇంటర్‌కి రేవు దాటి బస్సెక్కాలి, రోజూ ఎలా పంపను అని కూడా అడిగారు, మీ ఊరి నుంచి మగపిల్లలు వెళ్తున్నారు కదా, అదే పడవ, అదే బస్సు. దూరమనిపిస్తే హాస్టల్ ఉన్న ప్రభుత్వ కాలేజీ చూడండి.

తమ్ముడు అలుగుతాడు. ఓ రెండు నెలలు గుమ్మం తొక్కడు, పడవకి ఇంకొకర్ని పిలుచుకోవాల్సి వస్తుంది, ఊళ్ళో నలుగురూ మాట మీద నిలబడలేదంటారు. పడండి. అతను మీరు పెంచినవాడే అయితే సంక్రాంతికి వస్తాడు, అప్పటికి ఒక సంబంధం చూసి ఉంచండి, అతనికి చూసే పెళ్ళికూతురు కనీసం డిగ్రీ అయినా చదివి ఉండేలా చూడండి.