9 శాతమా, 9.5 శాతమా అని తేల్చుకునే ముందు లీజు పత్రం తీసి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కూకట్‌పల్లిలోని మీ వాణిజ్య భవనాన్ని ఒక దుకాణాల సంస్థకు నెలకు రెండు లక్షల అద్దెకు, 15 ఏళ్ల రిజిస్టర్డ్ లీజుపై ఇప్పుడే ఇచ్చారు. అందులో అద్దెదారు ఖాళీ చేయడానికి వీల్లేని లాకిన్ కాలం 5 ఏళ్లు. ఆ అద్దె ఆధారంగా మీ సొంత పేరు మీద కోటి రూపాయల రుణం కావాలి. ఒక బ్యాంకు 9 శాతం వడ్డీకి 5 ఏళ్ల గడువుతోను, మరొకటి 9.5 శాతానికి 12 ఏళ్ల గడువుతోను ఇస్తామంటున్నాయి. వడ్డీ తక్కువగా ఉన్నదే మేలు కదా అని అడిగారు. బ్యాంకులు లీజ్ రెంటల్ డిస్కౌంటింగ్ అని పిలిచే ఈ తరహా రుణాన్నే నేను 2018లో కరీంనగర్‌లోని మా రెండంతస్తుల భవనం మీద తీసుకున్నాను. నా సమాధానం రెండో బ్యాంకు వైపే మొగ్గుతుంది, అయితే కొన్ని షరతులతో.

ముందుగా లెక్క చూద్దాం. కోటి రూపాయలకు 9 శాతంతో 5 ఏళ్లయితే నెలవారీ వాయిదా సుమారు 2,07,600 రూపాయలు అవుతుంది. మీకు వచ్చే అద్దే రెండు లక్షలు. అందులోనూ అద్దెదారు 10 శాతం టీడీఎస్ మినహాయించుకొని 1,80,000 మాత్రమే జమ చేస్తారు. ఆస్తి పన్ను, మరమ్మతుల కింద నెలకు ఐదు వేలు పక్కన పెడితే మిగిలేది 1,75,000. అద్దెపై వచ్చే 18 శాతం జీఎస్‌టీని కూడా రాబడిలో కలిపి లెక్క వేసుకునేవారిని చూశాను. అది ప్రభుత్వానికి కట్టవలసిన సొమ్ము, బ్యాంకు దానిని లెక్కలోకి తీసుకోదు. నికర అద్దె వాయిదాకు కనీసం 1.25 రెట్లు ఉండాలని బ్యాంకు పట్టుబడితే మీరు కట్టగల వాయిదా 1,40,000 దగ్గర ఆగిపోతుంది. ఆ వాయిదాకు మొదటి బ్యాంకు షరతులపై వచ్చేది 67 లక్షల చిల్లర. రెండో బ్యాంకు షరతులపై 1.20 కోట్లు. రెండో బ్యాంకు తన వడ్డీని అర శాతం తగ్గించినా ఈ మొత్తం మరో మూడు లక్షలే పెరుగుతుంది. మనం గంటలకొద్దీ బేరమాడేది ఆ అర శాతం గురించే, మన చేతికి వచ్చే సొమ్మును నిర్ణయించేది మాత్రం గడువు.

మరి మొదటి బ్యాంకు వడ్డీ ఎందుకు తగ్గించింది? నా అంచనా ఏమిటంటే, దాని జవాబు మీ లీజు పత్రంలోనే ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, తిరిగి చెల్లింపు ప్రధానంగా ఆ ఆస్తి తెచ్చే అద్దె మీదనో, దాని అమ్మకం మీదనో ఆధారపడి ఉంటే ఆ రుణాన్ని వాణిజ్య స్థిరాస్తి రుణంగా వర్గీకరించాలి. అయితే లాకిన్ కాలం రుణ గడువు కంటే తక్కువ కాకుండా ఉండి, ఆ గడువులో అద్దెను తగ్గించే వీలు కల్పించే నిబంధన ఏదీ లేకపోతే, కారణాలను నమోదు చేసి దానిని ఆ వర్గం నుంచి మినహాయించే వెసులుబాటు బ్యాంకుకు ఉంది. వాణిజ్య స్థిరాస్తి రుణం సక్రమంగా నడుస్తున్నా బ్యాంకు 1 శాతం కేటాయింపు చేయాలి, అంటే రుణం మొండిపడితే తట్టుకోవడానికి అంత సొమ్ము ముందే పక్కన పెట్టాలి. సాధారణ రుణాలకు అది 0.40 శాతమే. మీ లాకిన్ 5 ఏళ్లు, మొదటి బ్యాంకు గడువూ 5 ఏళ్లే కావడం కాకతాళీయం కాదనుకుంటాను. 12 ఏళ్లు ఇచ్చే బ్యాంకు చివరి 7 ఏళ్లు మీ అద్దెదారు ఉంటాడో ఉండడో తెలియని రిస్కును భరిస్తోంది, దాని ఖరీదునే వడ్డీలో కలుపుతోంది. లాకిన్ పెంచుతూ అనుబంధ ఒప్పందం రాసుకోగలిగితే ఆ బ్యాంకుతో బేరమాడే అవకాశం వస్తుంది. మా అద్దెదారును నేనూ అడిగాను; ఆయన ససేమిరా అన్నారు.

ఆ రిస్కు కాగితం మీది మాట కాదని నాకు 2020లో తెలిసింది. మా భవనం కింది అంతస్తులో సూపర్‌మార్కెట్, పై అంతస్తులో కోచింగ్ కేంద్రం ఉండేవి. కోవిడ్ వచ్చిన కొద్ది నెలలకే, అప్పటికి లాకిన్ ముగిసిన కోచింగ్ కేంద్రం ఖాళీ చేసింది. అద్దెదారు వెళ్లిపోతే 90 రోజుల్లో కొత్తవారిని చూపాలి, అంతవరకు వాయిదాలు సొంత సొమ్ముతో కట్టాలి అన్న నిబంధన మా మంజూరు పత్రం తొమ్మిదో పేజీలో ఉంది. సంతకం చేసిన రోజున నేను దానిని చదవలేదు. ఆగస్టు చివరి వరకు మారటోరియం, అంటే వాయిదాలు కట్టకుండా ఇచ్చిన విరామం, ఆదుకున్న మాట నిజమే కానీ, ఆ నెలల వడ్డీ అసలులో కలిసింది. ఆ తరువాత ఏడు నెలలు జీతం డబ్బుతో వాయిదాలు నెట్టుకొచ్చాను.

వడ్డీని దేనికి ముడిపెట్టారన్నది తరువాత చూడవలసిన సంగతి. నా రుణం ఎంసీఎల్‌ఆర్‌తో, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే లెక్కగట్టే ప్రమాణ రేటుతో ముడిపడి, ఏడాదికి ఒకసారి మాత్రమే సవరణ అయ్యేది. 2019 ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 నుంచి 5.15 శాతానికి దిగింది. నా సవరణ తేదీ వచ్చే దాకా నా వడ్డీ కదలలేదు, కదిలినప్పుడు కూడా అర శాతం తగ్గలేదు. 2019 అక్టోబరు నుంచి వ్యక్తిగత రుణాలకు, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) రుణాలను రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టి, కనీసం మూడు నెలలకు ఒకసారి సవరించాలన్న నియమం వచ్చింది. మీ రుణాన్ని ఏ వర్గంలో చూపుతున్నారో, ఏ ప్రమాణానికి ముడిపెడుతున్నారో రెండు బ్యాంకులనూ రాతపూర్వకంగా అడగండి. 9 శాతం అన్నది ఎంసీఎల్‌ఆర్ మీద, 9.5 శాతం అన్నది రెపో మీద అయితే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. రేట్లు పెరిగే కాలంలో రెపో ముడి అంతే వేగంగా మిమ్మల్ని పైకి లాగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

2021లో విసుగెత్తి వేరే బ్యాంకుకు మారాను. మిగిలిన 78 లక్షల మీద 2 శాతం ముందస్తు చెల్లింపు రుసుము, దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపి 1,84,080 రూపాయలు కట్టాను. ఇప్పుడు ఈ విషయంలో మీ పరిస్థితి మెరుగ్గా ఉంది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రుణాలపై, వ్యక్తులు వాటిని వ్యాపారానికి తీసుకున్నా సరే, వాణిజ్య బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2025 జూలైలో ఆదేశించింది. సొమ్ము ఎక్కడినుంచి తెచ్చారన్న ప్రశ్నా, కనీస కాలం షరతూ ఉండవు. చిన్న ఫైనాన్స్ బ్యాంకుల వంటి కొన్నింటికి నియమం వేరు. ఫిక్స్‌డ్ రేటుకు ఇది వర్తించదు.

నేను రెండో బ్యాంకు అనడానికి ఆధారం ఇదే. కోటికి 9.5 శాతంతో 12 ఏళ్లకు వాయిదా సుమారు 1,16,600. గడువంతా నడిపితే వడ్డీయే దాదాపు 68 లక్షలు, అది భారమే. కానీ అద్దె నేరుగా జమయ్యే, బ్యాంకు ముందుగా తన వాయిదా తీసుకునే ఎస్క్రో ఖాతాలో వాయిదా పోగా మిగిలే సొమ్మును కూడా ప్రతి నెలా అసలుకు కట్టి, మొత్తం 1,75,000 చొప్పున చెల్లిస్తే రుణం 77వ నెలలో తీరిపోతుంది, వడ్డీ 34 లక్షలకు లోపే ఆగుతుంది. అద్దె రాని నెలలో మాత్రం మీ మెడ మీద ఉండేది 1,16,600 వాయిదాయే, 2,07,600 కాదు.

మూడు వాయిదాల సొమ్మును డిపాజిట్‌గా తాకట్టు పెట్టమని బ్యాంకు అడగవచ్చు, నన్ను అడిగింది. ఎస్క్రో ఖాతాకే అద్దె పంపుతామన్న అద్దెదారు అంగీకార పత్రానికి ఇప్పుడే కబురు పెట్టండి. మాకు ఆ ఒక్క కాగితం వారి ప్రధాన కార్యాలయం నుంచి రావడానికి రెండు నెలలు పట్టింది, అది చేతికి వచ్చేదాకా బ్యాంకు ఒక్క రూపాయి విడుదల చేయలేదు.