2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం హైదరాబాద్‌లో ఉంగరంలా ఎందుకు కనిపించలేదు?

ఆ రోజు చంద్రుడి బింబం సూర్యబింబం కన్నా దాదాపు 3 శాతం చిన్నగా ఉంది. అందుకే సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేక, చుట్టూ వెలుగు అంచు మిగిలింది. అయితే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా నడిమధ్యకు వచ్చింది 100 కిలోమీటర్లకు కాస్త పైన వెడల్పున్న ఒక సన్నని దారిలోనే. ఆ దారి సౌదీ అరేబియాలో మొదలై ఒమన్ మీదుగా మన కేరళలోని చెరువత్తూరు, తమిళనాడులోని ఊటీ, కోయంబత్తూరు దాటి, ఉత్తర శ్రీలంక, సుమత్రా, సింగపూర్ వైపు సాగిపోయింది. మనవాళ్లు ఎవరైనా ఆ ఉదయం కోయంబత్తూరులో ఉండి ఉంటే మూడు నిమిషాల పాటు ఉంగరం చూసి ఉంటారు, అదృష్టవంతులు!

హైదరాబాద్ ఆ దారికి బాగా ఉత్తరాన ఉంది కాబట్టి పాక్షికమే. అదీ తక్కువ అందమేం కాదు. ఎండలో జల్లెడ పట్టుకుంటే, దాని నీడలో ఒక్కో రంధ్రం కింద ఒక్కో చిన్న నెలవంక. సూర్యుణ్ణి మాత్రం గ్రహణం కళ్లద్దాలు లేకుండా నేరుగా అస్సలు చూడొద్దు.