ఫీడ్‌బ్యాక్‌లో మార్కులు తక్కువ వస్తే నాకు పాఠం చెప్పడం రానట్టేనా?

ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ 5కి 2.9 వచ్చిందని, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) పిలిచి మాట్లాడారని, అప్పటి నుంచి క్లాసులోకి వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉంటోందని రాశారు. కాదండీ, మీకు పాఠం చెప్పడం రాదని దాని అర్థం కాదు. ఆ సెమిస్టర్ పిల్లలకి ఎంత హాయిగా గడిచిందో ఆ అంకె చెబుతుంది, అంతే. పద్నాలుగేళ్ళుగా మ్యాథ్స్ చెబుతున్నాను, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

నాకూ ఇదే జరిగింది. చేరిన మూడో ఏడు, ఫస్టియర్ ఎం-వన్ అంటే మొదటి మ్యాథ్స్ పేపర్, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచిలో రెండు సెక్షన్లు. ఒకటి నాది, ఇంకోటి నా తర్వాత చేరిన ఒక సార్‌ది. మంచి మనిషి, ఆయన మీద నాకేం కోపం లేదు. ఐగెన్ విలువల చాప్టర్ వచ్చింది. మ్యాట్రిక్స్ అంటే అంకెల పట్టిక, దానితో గుణించినా తన గీత మీదే ఉండే బాణం ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె ఐగెన్ విలువ. ఆయన పద్ధతిలో మొదటి రోజు నుంచే లెక్కలు: డయాగనల్‌లో లాంబ్డా తీసెయ్, డిటర్మినెంట్ సున్నా చెయ్, వచ్చిన సమీకరణం సాధించు. అదే మోడల్‌లో పన్నెండు లెక్కలు, వాటిలో రెండు పరీక్షకి గ్యారంటీ. నేను మాత్రం రెండు క్లాసులు అసలు లెక్కే ముట్టుకోలేదు. బోర్డు మీద బాణాలు గీసి, ఈ మ్యాట్రిక్స్‌తో గుణిస్తే ఏ బాణం పక్కకి తిరుగుతుంది, ఏ బాణం తన గీత మీదే ఉండి సాగుతుంది, ఏది కుదించుకుపోతుంది అని వాళ్ళ చేతే వెతికించాను. ఎవరైనా డౌట్ అడిగితే వెంటనే జవాబు ఇవ్వకుండా “నువ్వేమనుకుంటున్నావ్, ఒక బాణం తీసుకుని చెయ్యి చూద్దాం” అనేదాన్ని. సగం మంది మొహాలు మాడ్చుకునేవాళ్ళు.

సెమిస్టర్ చివర ఆయనకి 4.6, నాకు 2.8. హెచ్‌ఓడీ గారు ప్రింటవుట్ తీసి, కామెంట్ల మీద పసుపు రంగు గీతలు పెట్టి మరీ నా ముందు పెట్టారు. “డౌట్ అడిగితే మేడమ్ తిరిగి మమ్మల్నే అడుగుతారు.” “సిలబస్ చాలా స్లో.” “ఇంపార్టెంట్స్ ఇవ్వరు.” ఆ ఏడాది ఇంక్రిమెంట్ ఆపేశారు. ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని కాలేజీ బస్సులో ఇంటికెళ్తుంటే, పక్క సీటు మేడమ్ ఏం మాట్లాడిందో ఒక్క ముక్క చెవికెక్కలేదు. మీ టెన్షన్ నాకు తెలుసు, అందుకే ఇంత రాస్తున్నాను.

రెండేళ్ళ తర్వాత ఆ సెక్షన్ కుర్రాడొకడు ఏదో లెటర్ మీద సంతకం కోసం లంచ్ టైమ్‌లో స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. సంతకం అయ్యాక కూడా వెళ్ళలేదు. “మేడమ్, కంట్రోల్ సిస్టమ్స్‌లో ఐగెన్ విలువలు చూసి సిస్టమ్ స్టేబుల్ అవునో కాదో చెప్పమంటున్నారు. మీరు గీసిన బాణాలే కదా. బాణం పెరుగుతూ పోతే సిస్టమ్ చెయ్యి దాటిపోతుంది, తగ్గుతూ వస్తే కుదుటపడుతుంది. మన సెక్షన్ వాళ్ళకి వెంటనే వెలిగింది, అవతల సెక్షన్ వాళ్ళు హాస్టల్లో మా చేత చెప్పించుకుంటున్నారు” అన్నాడు. ఒక్క పిల్లాడి మాటతో ఏం రుజువవుతుంది అంటారేమో. నాకది చాలు.

మీ హెచ్‌ఓడీ గారికి చాలకపోతే మాత్రం పెద్ద రుజువే ఉంది. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో కొలరాడోలోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ రికార్డులు తీసుకుని ఇదే ప్రశ్న వేసుకున్నారు. వాళ్ళ పరిశోధన 2010లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. ఆ అకాడమీని తీసుకోవడంలోనే ఉంది తెలివంతా. అక్కడ ఏ విద్యార్థి ఏ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాలో విద్యార్థి ఎంచుకోడు, లాటరీ తీసినట్టు పంచేస్తారు. అన్ని సెక్షన్లకీ ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం. ఆ తర్వాత వచ్చే పై కోర్సులు కూడా అందరికీ తప్పనిసరి. కాబట్టి “తెలివైన పిల్లలంతా ఆ సార్ క్లాసుకే పోయారు” అనే సాకు ఉండదు. 2000 నుంచి 2007 వరకు, పదివేలకు పైగా విద్యార్థులు.

కాల్క్యులస్‌లో తేలింది ఇదీ. అనుభవం తక్కువున్న అధ్యాపకుల దగ్గర పిల్లలకి ఆ సెమిస్టర్ మార్కులూ బాగా వచ్చాయి, ఫీడ్‌బ్యాక్ కూడా వాళ్ళకే బాగా ఇచ్చారు. అనుభవం, చదువు ఎక్కువున్న ప్రొఫెసర్ల దగ్గర చదివినవాళ్ళకి అప్పటికి మార్కులు కాస్త తగ్గాయి కానీ, తర్వాతి కోర్సుల్లో వాళ్ళే మెరుగ్గా చేశారు. ఇటలీలో మిలాన్‌లోని బొకోనీ యూనివర్సిటీ రికార్డులతో వేరే పరిశోధకులు చేసి 2014లో ప్రచురించిన దాంట్లోనూ ఇంతే, ఎవరి శిష్యులు తర్వాత బాగా రాణించారో ఆ అధ్యాపకులకే పిల్లలు ఫీడ్‌బ్యాక్‌లో తక్కువ వేశారు. నా బాణాల కథ కూడా ఇదే కదా.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మీరు మేడమో సారో రాయలేదు. మేడమ్ అయితే ఇది చదవండి. 2015లో నార్త్ కరోలినాలో ఒక ఆన్‌లైన్ కోర్సు మీద వచ్చిన అధ్యయనంలో, ఒక మగ టీచరూ ఒక ఆడ టీచరూ ఒక్కో గ్రూపులో తమ పేరుతో, ఇంకో గ్రూపులో ఒకరి పేరుతో ఇంకొకరు పాఠం నడిపారు. పిల్లలకి మొహాలు కనబడవు. మగపేరు కనబడినచోట టీచరుకి ఫీడ్‌బ్యాక్‌లో మార్కులు ఎక్కువ పడ్డాయి. పేపర్లు అందరికీ ఒకే సమయంలో దిద్ది ఇచ్చినా, టైముకి ఇచ్చారా అన్న ప్రశ్నకి కూడా ఆడపేరుకి తక్కువే వేశారు. మా స్టాఫ్ రూమ్‌లో దీనికి రుజువు అక్కర్లేదు. అటెండెన్స్ గట్టిగా తీస్తే సార్‌ని “డిసిప్లిన్” అంటారు, నన్ను “చిరాకు మేడమ్” అంటారు.

అసలు ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకుంటున్నారో చూడండి. పరీక్షల ముందు హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కావాలంటే ముందు ఫారం నింపాలి అని లింకు పెడతారు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి పదిహేను ప్రశ్నలు, పిల్లాడికి కావాల్సింది హాల్‌టికెట్. ఒకే కాలమ్ పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోతాడు. అరవై మంది అలా నొక్కినదానికి సగటు తీసి, పాయింటు తర్వాత రెండంకెలు వేసి, దాని మీద ఒక మనిషి జీతం ఆపడం అన్యాయం. కెనడాలో టొరంటోలోని అప్పటి రయర్సన్ యూనివర్సిటీ (ఇప్పుడు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ) అధ్యాపకులు ఈ గొడవని మధ్యవర్తి దాకా తీసుకెళ్ళారు. ప్రమోషన్లకి, ఉద్యోగం పర్మనెంట్ చెయ్యడానికి ఈ అంకెలతో బోధన సామర్థ్యాన్ని కొలవకూడదని 2018లో తీర్పు వచ్చింది. మన అధ్యాపక సంఘాలు దాన్ని ఒక్కసారైనా చదవాలి.

పిల్లల్ని అడగొద్దని నేను అనను. మాట వెనక బెంచీ దాకా వినిపిస్తోందా, క్లాసుకి టైముకి వస్తున్నారా, దిద్దిన పేపర్లు తిరిగిస్తున్నారా, అవమానంగా మాట్లాడుతున్నారా, ఇవి వాళ్ళకే తెలుసు, వాళ్ళనే అడగాలి. నేనూ మూడో వారంలో తెల్లకాగితాలు ఇచ్చి, పేరు రాయకుండా “ఇప్పటిదాకా ఏది అర్థం కాలేదు” అని ఒక్క ప్రశ్నే అడుగుతాను. దాని వల్ల నా పాఠాలు చాలా మారాయి.

మీరు మాత్రం ఒక పని చెయ్యండి. ఈ సెమిస్టర్ మీ సెక్షన్ హాల్‌టికెట్ నంబర్ల లిస్టు, పక్క సెక్షన్ లిస్టు రెండూ దాచుకోండి. మీ సబ్జెక్టు ఆధారంగా నడిచే పై సబ్జెక్టు ఏదో చూసుకుని, ఆ రిజల్ట్స్ వచ్చిన రోజు రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. నేను నాలుగు బ్యాచ్‌లకి అలా తయారుచేసి, ఇంక్రిమెంట్ మీటింగ్‌కి ఆ కాగితాలతోనే వెళ్ళాను. ఆ ఏడు ఆపలేదు.