బావ సంవత్సరీకానికి నువ్వు రాస్తున్న పుస్తకం గురించి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫ్లెక్సీ డిజైను, సంవత్సరీకం రోజు పంచాలనుకుంటున్న చిన్న పుస్తకం రెండూ చూశాను. ముందు ఫ్లెక్సీ మీద ‘1971 యుద్ధవీరుడు’ అన్న మాట తీయించు. మీ నాన్న, అదే మా బావ, మిలిటరీలో చేరిందే 1974లో. ఆ యుద్ధం 1971 డిసెంబరు 16న అయిపోయింది. అప్పటికి ఆయన కందుకూరులో చదువుకుంటున్నాడు. ఇది నీ సొంత ఆలోచన అయ్యుండదులే, పక్కన ఎవరో ఎక్కించి ఉంటారు. మన వైపు మిలిటరీ వాడంటే పాకిస్తాన్ మీద తుపాకీ పేల్చి తీరాల్సిందే కదా! ఆ రోజు వచ్చేవాళ్లలో ఎక్స్-సర్వీస్‌మెన్ చాలామంది ఉంటారు. వాళ్లలో ఒక్కడు వేళ్లమీద లెక్కేసినా, ఆయన నిజంగా చేసిన 24 ఏళ్ల సర్వీసు కూడా అనుమానంలో పడుతుంది.

ఆయన ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, వెహికల్ మెకానిక్. అదే రాయి. లేహ్‌లో చలికి డీజిల్ గడ్డకట్టి బండి మొరాయిస్తే, తెల్లవారకముందే శక్తిమాన్ లారీ కిందికి దూరినవాడు ఆయన. ఆ లారీ కదిలితేనే పైనున్న వాళ్లకు రేషన్. ఇది చదివితే ఆయన ఏం చేశాడో ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. ‘దేశమాత ముద్దుబిడ్డ’ అని పేజీకొకసారి రాశావు, ఒకటి ఉంచి మిగతావి కొట్టెయ్.

వివరాల కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చోకు. అటక మీదున్న ఆయన నల్లపెట్టె దించు. చేరిన తేదీ, రిటైరైన తేదీ, పతకాలు అన్నీ డిశ్చార్జి బుక్కులో ఉంటాయి. పతకాల అంచున సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి, అద్దం పెట్టి చూసుకో. మెరవాలని బ్రాసో పెట్టి తోమావంటే ఆ అక్షరాలు అరిగిపోతాయి. తొమ్మిదేళ్లకొకటి, ఇరవై ఏళ్లకొకటి ఇచ్చిన లాంగ్ సర్వీస్ మెడల్స్‌ని శౌర్య పతకాలని రాయొద్దు. అన్నేళ్లు ఇల్లు వదిలి ఉన్నందుకు వచ్చినవి, అవేం తక్కువా?

పాత కాగితాల్లో ప్రకాశం జిల్లా, డెత్ సర్టిఫికెట్‌లో నెల్లూరు జిల్లా అని ఉందని టెన్షన్ పడకు. ఆయన పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. 1970లో కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు వచ్చింది. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. కానీ ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో మీ అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో మాత్రం చూడు. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. మధ్యలో ఎవడికీ డబ్బులివ్వొద్దు.

ఇక నీ పుస్తకంలో అసలు లేనిది ఇల్లు. పెట్టె అడుగున అక్క రాసిన ఇన్లాండ్ లెటర్లు ఉంటాయి, ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనే ఆర్మీ పోస్టాఫీసు అడ్రసువి. వాటిలో కొన్నింటి మధ్యలో పెన్సిలుతో గీసిన చిన్న పాదం ఉంటుంది. చుట్టూ మిగిలిన జాగాలో ఇంటి కబుర్లు, వానలు, బర్రె ఈనిన సంగతి. ఆ పాదం నీదో, మీ చెల్లిదో. బావ దాన్ని బజారుకు తీసుకెళ్లి బూట్ల మీద పెట్టి చూసేవాడట. సెలవు దొరికేసరికి కాళ్లు పెరుగుతాయని ఒక సైజు పెద్దవే కొనేవాడు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలులో దిగి ఇంటికొచ్చాక, వదులుగా ఉంటే ముందువైపు గుడ్డపేలికలు కుక్కి తొడిగేవాడు. మీ చెల్లెలు నడక నేర్చింది ఆయన చూడలేదు, ఉత్తరంలో చదువుకున్నాడు. అక్కని నిదానంగా కూర్చోబెట్టి అడుగు, ఇలాంటివి ఇంకా చెప్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకో, కానీ మైకు ముందుకి మాత్రం లాగొద్దు.

ఆ పాదం ఉన్న ఉత్తరం ఒకటి స్కాన్ చేయించి పుస్తకంలో వేయి. యూనిఫాం ఫొటో అట్ట మీద ఉండనీ.

ప్రెస్సుకిచ్చే ముందు ప్రూఫు నాకు పంపు. రెండో పేజీలో హవల్దార్ అనీ, ఆఖరి పేజీలో సుబేదార్ అనీ పడింది. ఆయన 1998లో రిటైరైంది హవల్దార్‌గానే.

మీ మామయ్య