కారు కబుర్లు: షోరూమ్‌కి హెల్మెట్ పట్టుకెళ్లండి

ప్రశ్న: నా వయసు 36. ఎన్నేళ్లుగానో దాచుకున్న డబ్బుతో స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలనుకుంటున్నాను. మాజ్దా ఎంఎక్స్-5, టయోటా జీఆర్86 దగ్గరకొచ్చి ఆగిపోయాను. నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. ఏడేళ్ల పాప ఉంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు ట్రాక్ డేలకు (మన కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజులు) వెళ్లాలని కోరిక. జీఆర్86 అయితే బేస్ వేరియంట్ చాలా, ప్రీమియమ్‌కి వెళ్లాలా? ఆటోమేటిక్ అయితేనే తనూ నడుపుతానని నా భార్య అంటోంది. ఆరు నెలలుగా రివ్యూలు చూసి చూసి టెన్షన్ పెరిగిందే తప్ప ఏదీ తేలలేదు. నా స్థానంలో ఉంటే మీరేం కొంటారు?

జవాబు: జీఆర్86 కొంటాను. ఎందుకో చెబుతాను.

ఎంఎక్స్-5 మీద నాకు చిన్నచూపేమీ లేదు. తొమ్మిదేళ్లు ఒకటి నడిపాను, అమ్మేసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. 1989లో మొదటిసారి వచ్చినప్పటి నుంచి ఆ కారు బరువు పెరగకుండా మాజ్దా ఇంజనీర్లు పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. ఇప్పటికీ గుడ్డ టాప్ ఉన్న మోడల్ 1,100 కిలోల లోపే ఉంటుంది. గేరు మారుస్తుంటే మణికట్టు కదిలితే చాలు. కానీ అందులో సీట్లు రెండే. మీ ఇంట్లో ముగ్గురున్నారు. సెలవు రోజు పొద్దున్నే కారు తీస్తుంటే పాప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. అప్పుడు భార్యో, పాపో, ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి. అలా నాలుగైదుసార్లు జరిగితే కారు తీయడమే తగ్గిపోతుంది.

రెండోది మీ ఎత్తు. ఓపెన్ కార్లతో వచ్చేవాళ్లకి చాలా ట్రాక్‌ల దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడే, సీట్ల వెనక ఉండే లోహపు కమాను) పైనుంచి ముందు అద్దం పై అంచు దాకా ఒక కర్ర ఆనించి చూస్తారు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న డ్రైవర్ తల ఆ కర్రకి కింద ఉండాలి. మీ ఎత్తు మనిషికి ఎంఎక్స్-5లో అది కష్టం. ఎత్తైన రోల్ బార్ విడిగా కొని బిగించుకోవాలి, ఒక్కోసారి సీటు కూడా కిందికి దింపించుకోవాలి. ఒకవేళ మనసు మారి పాత ఎంఎక్స్-5 చూస్తే 2019 మోడల్ నుంచే చూడండి. ఈ తరం కార్లలో స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరిగే వీలు ఆ ఏడాదే వచ్చింది. పొడుగాటి కాళ్లున్నవాళ్లకి అది చాలా పెద్ద విషయం.

అలాగని జీఆర్86 వెనక సీటుని మామూలు కారు సీటులా ఊహించుకోకండి. మీరు డ్రైవర్ సీటు మీకు కావలసినంత వెనక్కి జరిపితే అది వెనక సీటుకి దాదాపు ఆనుకుంటుంది. పాప మీ వెనక కూర్చోలేదు, పక్క సీటు వెనకే కూర్చోవాలి. అందుకు మీ భార్య తన సీటు కొంచెం ముందుకి జరుపుకోవాలి. అలా కూర్చుని ఆమె గంటసేపు ప్రయాణం చేయగలరా? ఇది ఏ రివ్యూలోనూ దొరకదు. ముగ్గురూ కలిసి వెళ్లండి. పాప బూస్టర్ సీటు వాడుతుంటే అదీ తీసుకెళ్లండి. హెల్మెట్ తప్పనిసరిగా తీసుకెళ్లి, పెట్టుకుని, సీటు పూర్తిగా కిందికి దించి కూర్చుని చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూసినా ఫరవాలేదు.

ఇక వేరియంట్. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నా మొదటి స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు తోలు సీట్లు, స్పీకర్లు చూసి టాప్ మోడల్ తీసుకున్నాను. మధ్య వేరియంట్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్ఎస్‌డీ) ఉంది, నా దాంట్లో లేదు. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు వైపుల చక్రాలకీ పంచే భాగం. ఒక చక్రం పట్టు తప్పినా రెండోదానికి బలం అందేలా ఎల్ఎస్‌డీ చూస్తుంది. అప్పట్లో ఆ తేడా నాకు తెలియదు, అమ్మినాయన చెప్పలేదు. మలుపులో కారు బరువు బయటి వైపు చక్రాల మీదికి వాలుతుంది, లోపలి చక్రానికి పట్టు తగ్గుతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఆ పట్టులేని చక్రం ఊరికే తిరిగిపోతుంది, బయటి చక్రానికి అందాల్సిన బలం అందదు. యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, కారు మాత్రం వేగం అందుకోదు. తర్వాత ఎల్ఎస్‌డీ వేయిద్దామని అడిగితే వెనక యాక్సిల్ అంతా విప్పాలన్నారు, వారంటీ పోతుందన్నారు. ఆ స్పీకర్లని నేను ట్రాక్ మీద ఒక్కసారి కూడా వినలేదు.

అందుకే వేరియంట్ల పట్టిక ముందు పెట్టుకుని నేను మొదట చూసేది కారు నడకని తేల్చే భాగాలనే: ఇంజిన్, డిఫరెన్షియల్, బ్రేకులు, డ్యాంపర్లు (కుదుపులని అణిచే షాక్ అబ్జార్బర్లు). జీఆర్86లో మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, బేస్‌లోనూ ప్రీమియమ్‌లోనూ అదే 2.4 లీటర్ల ఇంజిన్, అదే టోర్సెన్ రకం ఎల్ఎస్‌డీ. ప్రీమియమ్‌లో పెద్ద తేడా చక్రాలది. బేస్‌కి 17 అంగుళాలవి, ప్రీమియమ్‌కి 18 అంగుళాలవి, వాటి మీద ఇంకా పట్టున్న మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు. టైర్లు ఎలాగూ అరిగిపోతాయి. అరిగాక 17 అంగుళాలకే మంచివి వేసుకోవచ్చు, అవి 18 కన్నా చవక కూడా. మిగతావి సీటు వేడెక్కడం, అదనపు స్పీకర్లలాంటివి.

2024లో కొన్ని చోట్ల ప్రీమియమ్‌కి బ్రెంబో కంపెనీ బ్రేకులు, సాక్స్ కంపెనీ డ్యాంపర్లు కలిపి ఒక పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఇచ్చారు. మీకు అది దొరికితే ప్రీమియమ్ తీసుకోండి, విడిగా కొని బిగించుకోవడం కన్నా అది మేలు. దొరక్కపోతే బేస్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి బ్రేక్ ప్యాడ్లు, ఎక్కువ వేడికి తట్టుకునే బ్రేక్ ఫ్లూయిడ్ వేయించండి. ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాతబడితే తక్కువ వేడికే మరుగుతుంది, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. ఒకసారి నాకలా జరిగింది, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మొదటి ట్రాక్ డేకి ముందే మార్పించండి. ఆ రోజు పక్కన కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని కూడా పెట్టుకోండి.

ఆటోమేటిక్ సంగతి. రివ్యూలు రాసేవాళ్లంతా మాన్యువలే అంటారు, నా మనసూ అటే. కానీ మీ భార్య నడుపుతానంటున్నారు కదండీ, అది చిన్న మాట కాదు. జీఆర్86 ఆటోమేటిక్‌లోనూ ఇంజిన్, ఎల్ఎస్‌డీ అవే. ఆమెకి నిజంగా నడపాలని ఉంటే ఆటోమేటిక్ తీసుకోండి. ఇద్దరూ ఇష్టపడే కారు ఎక్కువ తిరుగుతుంది.

ప్రశ్న: షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ సీ8లో 3ఎల్‌టీ వేరియంట్ తీసుకుంటే 1ఎల్‌టీ కన్నా వేగంగా వెళ్తుందా?

జవాబు: వెళ్లదు. 1ఎల్‌టీ, 2ఎల్‌టీ, 3ఎల్‌టీ అనేవి లోపలి సౌకర్యాల మెట్లు మాత్రమే. మూడింటిలోనూ అదే 6.2 లీటర్ల వీ8. మీకు వేగమే కావాలంటే చూడాల్సింది జడ్51 ప్యాకేజీ. అందులో పెద్ద బ్రేకులు, ఎలక్ట్రానిక్ ఎల్ఎస్‌డీ, అదనపు కూలింగ్ వస్తాయి. దాంతోపాటే వచ్చే ఎగ్జాస్ట్ వల్ల 490 హార్స్‌పవర్ 495 అవుతుంది. 1ఎల్‌టీకి కూడా జడ్51 పెట్టించుకోవచ్చు, నేనైతే అదే చేస్తాను. అయితే జడ్51తో వచ్చేవి సమ్మర్ టైర్లు. బాగా చలిగా ఉన్న రోజుల్లో వాటి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మీరుండే చోట చలికాలం గట్టిగా ఉంటే, ఇంకో సెట్ టైర్ల ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.