రాత్రి చూసే సినిమా పగలే సెలెక్ట్ చేసి పెట్టుకోండి

బుజ్జీ,

శనివారం రాత్రి గంటసేపు రిమోట్ నొక్కుతూ కూర్చుని చివరికి ఏమీ చూడకుండానే పడుకున్నామని చెప్పావు కదా, అప్పట్నించి అదే ఆలోచిస్తున్నా. మీ ఇద్దరి టేస్టులూ కలవట్లేదని మాత్రం అనుకోకు తల్లీ, అలిసిపోయి కూర్చున్న టైంలో వందల పోస్టర్లు ముందు పడితే ఎవరికైనా అంతే. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే 2015లో ఒక పేపర్లో రాశారు, వెతకడం మొదలెట్టిన 60 నుంచి 90 సెకన్లకే మనిషికి ఇంట్రెస్ట్ పోతుందంట, అప్పటికి చూసేది 10, 20 పేర్లే. మరి మీరు గంట కూర్చున్నారంటే మిగతాదంతా ఓపిక అయిపోయాక వెతికిందే కదా.

అందుకే వెతికే పని పగలు పెట్టుకో. ఎవరైనా ఫలానా సినిమా బావుందనగానే అప్పుడే ఫోన్లో రాసుకో, పేరు పక్కన ఎవరు చెప్పారో, ఎంతసేపుందో కూడా. ఆ లిస్టు మరీ పెంచకు, పది దాటితే మళ్ళీ అదే గోల, చూద్దాంలే అని వారాల తరబడి దాటేస్తున్నవి తీసెయ్.

అసలు చిక్కంతా "నీ ఇష్టం" దగ్గరుంది. నువ్వు నీ ఇష్టం అంటావు, అల్లుడు నీ ఇష్టమే అంటాడు, తీరా ఒకళ్ళు ఒక పేరు చెప్పగానే రెండోవాళ్ళు "ఊఁ... ఇంకేమున్నాయో చూద్దాం" అంటారు, ఆ ఊఁ విన్నాక ఇంకో పేరు చెప్పబుద్ధి కాదు, చెప్పినవాళ్ళ మనసు చిన్నబుచ్చుకుంటుంది. ఇలా చెయ్యండి, ఒకళ్ళు మూడు పేర్లు చెప్పాలి, రెండోవాళ్ళు ఆ మూడింట్లోనే ఒకటి తీసుకోవాలి, నాలుగోది అడగకూడదు, వచ్చే వారం రివర్స్. ఇంకోటి, ఏం చూద్దాం అని కాకుండా ఇవాళ ఏం వద్దు అని అడుగు, ఏడుపు వద్దు, రక్తపాతం వద్దు, రెండు గంటలు దాటొద్దు, ఇవైతే అందరూ టక్కున చెప్పేస్తారు.

రేటింగ్స్ చూసి మోసపోకు. రాటెన్ టొమాటోస్ అని విమర్శకుల రివ్యూలు పోగేసే సైటుంది, అందులో 90 శాతం అంటే సినిమాకి నూటికి 90 మార్కులని కాదు, వందలో 90 మంది విమర్శకులు పర్లేదు, బావుంది అన్నారని అర్థం. అందరికీ ఓ మోస్తరుగా నచ్చింది పైనుంటుంది, సగం మందికి పిచ్చిగా నచ్చి మిగతా సగానికి నచ్చనిది 50 దగ్గరే ఆగిపోతుంది, నీకు నచ్చేది అదే అయ్యుండొచ్చు. నీ టేస్టుకి దగ్గరగా రాసే ఒక్క రివ్యూయర్ని పట్టుకో, చాలు.

పోస్టర్ని కూడా నమ్మకు, నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ఒకే సినిమాకి నీ ప్రొఫైల్లో ఒక బొమ్మ, అల్లుడి ప్రొఫైల్లో ఇంకో బొమ్మ చూపిస్తారు, మీరు అంతకుముందు చూసినవాటిని బట్టి. కింద రెండు లైన్ల కథ చదువు. పేరు మీద ఆగగానే దానంతటదే ఆడే ట్రైలర్ ఉంది చూడు, నెట్‌ఫ్లిక్స్‌లో 2020 నుంచి అది ఆపేసే ఆప్షన్ ఇచ్చారు, ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోకెళ్ళి ఇవాళే ఆపెయ్, సగం తలనొప్పి తగ్గుతుంది.

పెట్టాక మాత్రం ఫోన్లు పక్కన పడేసి అరగంట చూడండి, అప్పటికీ ఎక్కకపోతే ఆపేయండి, తప్పేం లేదు. మరీ అలిసిపోయిన రోజైతే లిస్టు కూడా తియ్యకు, ఇద్దరికీ నచ్చిన పాత సినిమాయే మళ్ళీ పెట్టుకోండి, ప్రతిసారీ కొత్తదే చూడాలని రూలేం లేదుగా.

మీ పెదనాన్న