బెంగళూరులో ‘ఆంధ్రా భోజనం’: వండేది ఏ ఊరివాళ్లో అడగండి

కొత్తగా బెంగళూరు వచ్చిన మనవాళ్లు నన్ను మొదట ఇంటి అద్దెల గురించి అడుగుతారు. వారం తిరక్కుండానే రెండో ప్రశ్న వస్తుంది: “అక్కా, ఇక్కడ అసలైన ఆంధ్రా భోజనం ఎక్కడ దొరుకుతుంది?”

మాది ధర్మవరం. ఈ ఊరొచ్చి 22 ఏళ్లయింది. ఆ ప్రశ్నకి ఒక హోటల్ పేరు చెప్పి ఊరుకోవడం ఇప్పటికీ నావల్ల కాదు. మీ నాలుకకి అలవాటైంది ఏ ఊరి వంటో తెలియాలి కదా! మొన్న మా అపార్ట్‌మెంట్‌లో దిగిన వరంగల్ అబ్బాయి ఒక పేరున్న హోటల్లో తినొచ్చి, “అంతా బాగుందక్కా, కానీ పచ్చిపులుసు అడిగితే వాళ్లకి అర్థమే కాలేదు” అని చిన్నబోయాడు. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. ఇక్కడ చాలా బోర్డుల మీద మాత్రం తెలుగు తిండి అంతా ఇంకా ‘ఆంధ్రా స్టైలే’. శ్రీకాకుళం అమ్మాయికీ, నెల్లూరు అబ్బాయికీ అదే ఆకు, అదే పప్పు, అదే కందిపొడీ నెయ్యీ.

అలాగని ఆ భోజనాన్ని తీసిపారేయకండి. ఆంధ్రా స్టైల్ చిల్లీ చికెన్‌నే చూడండి. పచ్చిమిర్చి దట్టంగా వేసి పొడిపొడిగా వేయిస్తారు. నాకు తెలిసిన ఒక వంట మాస్టర్‌ది కావలి దగ్గర పల్లె. “ఇది మా అమ్మ ఎప్పుడూ చేయలేదమ్మా, ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నా” అన్నాడు. ఈ ఊళ్లో మనవాళ్ల చేతుల్లో స్థిరపడిన వంట అది. నాకు చాలా ఇష్టం. నాకు బాధ కలిగించేది వేరే ఉంది: ఆంధ్రా అంటే కారమే అని నమ్మి వచ్చే వాళ్లకోసం హోటళ్లు కారం పెంచుకుంటూ పోవడం. మజ్జిగ పులుసు, పాలు పోసి వండే సొరకాయ కూర, పెసరకట్టు ఇవన్నీ మన ఇళ్లలోవే, మెనూలో చాలాసార్లు కనబడవు. మీ ఆఫీసు స్నేహితుల్ని తీసుకెళ్లినప్పుడు ఆ సంగతి వాళ్లకి చెప్పండి.

పేరు ఒకటి, పెట్టేది ఇంకొకటి అయితే మాత్రం నేను ఊరుకోను. ఒకచోట పాలకూరలో చింతపండు రసం పోసి, గోంగూర పప్పని వడ్డించారు. గోంగూర ఉడికేటప్పుడు దాని పులుపుకే పచ్చదనం పోయి, ఆకు మట్టిరంగుకి తిరుగుతుంది. పప్పు చిలకపచ్చగా కనిపిస్తే అడగండి, మొహమాటపడొద్దు. ఇంట్లో వండుకోవాలంటే మార్కెట్లో ‘పుండి సొప్పు’ అని అడిగి చూడండి. కన్నడంలో గోంగూరే అది. తెలంగాణ వాళ్లు పుంటికూర అంటారు కాబట్టి వాళ్లకి ఆ మాట చెవికి కొత్తగా ఉండదు.

సంగటి సంగతీ అంతే. మా వైపు బియ్యం మెత్తగా ఉడికించి, రాగిపిండి వేసి, తెడ్డుతో గట్టిగా గెలుకుతారు. వేడి ముద్ద విరిస్తే లోపల మెతుకులు కనబడాలి. కన్నడ రాగి ముద్దలో అన్నం ఉండదు, అంతా పిండే. దాన్ని నమలకుండా పులుసులో ముంచి మింగుతారు. అదీ గొప్ప తిండే, ఏదైనా మిలిటరీ హోటల్‌కి (ఇక్కడ మాంసాహారం పెట్టే పాతకాలపు హోటళ్లని అలా అంటారు) వెళ్లి తప్పకుండా తినండి. కానీ ముద్ద పెట్టి సంగటి అని రాస్తే ఇద్దరికీ అన్యాయం.

వంట మొదలుపెట్టే వాళ్లకి ఒక మాట. ఇక్కడి కొట్లో ఎండుమిర్చి అంటే చాలాసార్లు బ్యాడగి ఇస్తారు. ముడతలు పడి, ఎర్రగా ఉంటుంది. రంగు బాగా దిగుతుంది, కారం తక్కువ. దాంతో పెట్టిన పులుసు చూడ్డానికి మనదిలాగే ఉంటుంది, తింటే చప్పగా అనిపిస్తుంది. నేను ఊరినుంచి గుంటూరు మిర్చి తెచ్చుకుని రెండూ కలిపి పట్టిస్తాను.

ఇక హోటల్ విషయానికొస్తే, ఆదివారం మధ్యాహ్నం రద్దీలో వెళ్లకండి. మామూలు రోజు పన్నెండున్నరకి వెళ్లి, వడ్డించే అతన్ని “అన్నా, వంట మాస్టర్‌ది ఏ ఊరు?” అని అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు, ఒక్కోసారి మాస్టరే బయటికి వస్తాడు. నెల్లూరు అన్నాడా, మెనూ మూసేసి చేపల పులుసు ఉందేమో కనుక్కోండి. మామిడికాయ వేసి పెట్టారా, ఎప్పుడు పెట్టారు అని కూడా అడగండి. నిన్న రాత్రిదే ఉందంటే ఇంకో గరిటె అన్నం ఎక్కువ పెట్టించుకోండి.